"బోర్డు పోయింది" అనే తీర్పు మీద నా అప్పీలు

"బోర్డు పోయింది." కంప్యూటరు మరమ్మతుల లోకంలో ఇంతకన్నా చౌకగా చెప్పగలిగే మాట, ఇంతకన్నా ఖరీదుగా వినవలసి వచ్చే మాట మరొకటి లేదు. చెప్పేవారికి అరనిమిషం పడుతుంది. వినేవారికి వేలు వదులుతాయి. అందులోనూ ప్రాసెసరు వేగం పెంచుకున్న యంత్రం, అంటే ఓవర్‌క్లాకింగు చేసిన యంత్రం, తెర వెలగకుండా మొండికేసిందంటే ఇక విచారణ అన్నదే ఉండదు. నేరం రుజువైనట్టే, శిక్ష ఖరారైనట్టే. "స్పీడు పెంచావు కదా, కాలిపోయింది" అంటారు.

ఈ ఒక్క వాక్యంలో మూడు నిరాధారమైన మాటలు ఉన్నాయని నా వాదన. యంత్రం కాలిపోయిందన్నది మొదటిది. వేగం పెంచినవాడు చేయరాని పని చేశాడన్నది రెండవది. పైకి కనబడకపోయినా అందులో దాగి ఉన్న మూడవది, దీన్ని పరీక్షించడం మామూలు మనుషుల వల్ల కాదన్నది. మూడింటినీ ఒక్కొక్కటిగా ప్రశ్నించడానికే ఈ టపా.

ముందు విషయం ఏమిటో సూటిగా చెప్పుకుందాం. ప్రాసెసరు ఒక లయను అనుసరించి పనిచేస్తుంది. బోర్డు మీది స్ఫటికం ఆధారంగా పుట్టే మూల లయను ఒక గుణకంతో హెచ్చవేస్తే వచ్చేదే దాని వేగం. మూల లయ 100 మెగాహెర్ట్జులు, గుణకం 36 అయితే వేగం 3600 మెగాహెర్ట్జులు, అంటే 3.6 గిగాహెర్ట్జులు. ఈ రెంటిలో దేన్ని పెంచినా వేగం పెరుగుతుంది. పెరిగిన వేగంలో ప్రాసెసరు తడబడకుండా ఉండటానికి దానికి అందే వోల్టేజీని కూడా కాస్త పెంచుతారు. ఇవన్నీ బయాసు తెరలో అంకెలు మార్చి, భద్రపరచి, యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టడంతో జరిగిపోతాయి.

అసలు కీలకం ఇక్కడే ఉంది. అలా మార్చిన అంకెలు కరెంటు తీసేసినా చెరిగిపోవు. సీమాస్ అనే చిన్న జ్ఞాపకస్థానంలో అవి నిలిచి ఉంటాయి. బోర్డు మీద రూపాయి బిళ్లలా కనబడే 3 వోల్టుల బ్యాటరీ దాన్ని నిలబెడుతుంది. ప్రాసెసరు మోయలేని అంకె ఒకటి అందులో పడిందనుకోండి. యంత్రం లేచిన ప్రతిసారీ ఆ అంకెనే చదువుతుంది, దాన్నే పాటించబోతుంది, తడబడి ఆగిపోతుంది. తెర వెలగదు కనుక మనం బయాసులోకి వెళ్లి ఆ అంకెను మార్చలేము. మీట పదిసార్లు నొక్కినా పదిసార్లూ అదే జరుగుతుంది. చూసేవారికి అది చచ్చిపోయిన యంత్రంలాగే ఉంటుంది. నిజానికి అది చావలేదు, పాటించలేని ఆజ్ఞకు కట్టుబడి ఉంది. ఆజ్ఞను రద్దు చేస్తే చాలు, లేస్తుంది.

గూడూరులో మా వీధిలోని ఒక డిగ్రీ విద్యార్థి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. సెకండ్ హ్యాండులో కొన్న యంత్రం. బయాసులో గుణకం పెంచాడు, తెర నల్లబడింది. దుకాణానికి తీసుకువెళితే పెట్టె మూత కూడా తీయకుండా బోర్డు, ప్రాసెసరు రెండూ మార్చాలన్నారట. వాళ్ల నాన్న నా దగ్గరకు వచ్చి, "వీడేదో స్పీడు పెంచాడంట సార్, లోపలంతా కాలిపోయిందంట. పాతసామాన్ల వాడికి వేసేద్దామా?" అన్నాడు. వైరు పీకి, రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో కాసేపు కలిపి పట్టుకుంటే యంత్రం లేచింది. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. బోర్డుతో పాటు వచ్చే చిన్న పుస్తకంలో ఉన్న సంగతే అది. ఆ పుస్తకం తెరవకుండా వేలు ఖర్చు పెట్టించే అలవాటు మీదనే నా అభ్యంతరం.

అయితే పరీక్ష ఎలా చేయాలి? విమర్శించి ఊరుకుంటే సరిపోదు కనుక, నేను అనుసరించే వరుస చెబుతాను. ఖర్చు లేనివి ముందు, ఖర్చు ఉన్నవి చివర అన్నది ఒక్కటే దీని వెనుక ఉన్న సూత్రం.

మొదటిది, ఓపిక పట్టడం. ఈమధ్య బోర్డుల్లో చాలావాటికి తమంతట తాము కోలుకునే ఏర్పాటు ఉంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి విఫలమైతే పాత అంకెలకు తామే తిరిగి వస్తాయి. డీడీఆర్5 మెమరీ ఉన్న యంత్రాలు మొదటిసారి లేచేటప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు కూడా తీసుకోవచ్చు. ఆ సమయంలో కంగారుపడి కరెంటు తీసేస్తే ఆ ప్రయత్నాన్ని మనమే భగ్నం చేసినవాళ్లం అవుతాం. అవార్డు బయాసు ఉన్న పాత బోర్డుల్లో చాలావాటికి ఇన్సర్ట్ మీట నొక్కిపట్టి యంత్రాన్ని మొదలుపెడితే క్షేమమైన అంకెలతో లేచేది.

రెండవది, సీమాస్‌ను చెరపడం. కరెంటు వైరు పూర్తిగా పీకేయాలి. పవరు మీటను పది పదిహేను సెకన్లు నొక్కిపట్టి లోపల మిగిలిన విద్యుత్తును ఖాళీ చేయాలి. ఆ తరువాత బోర్డు మీద ఇందుకోసమే ఉన్న పిన్నులను వెదకాలి. ఆసుస్ బోర్డుల మీద సీఎల్ఆర్‌టీసీ అనీ, ఎమ్మెస్సై వాటి మీద జేబ్యాట్1 అనీ, గిగాబైట్ వాటి మీద సీఎల్ఆర్ సీమాస్ అనీ రాసి ఉంటుంది. పుస్తకంలో చూపిన విధంగా వాటిని కొన్ని సెకన్లు కలపాలి. పిన్నులు దొరకకపోతే బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగి తిరిగి పెట్టవచ్చు. కొన్ని కొత్త బోర్డులు అంకెలను ఫ్లాష్ మెమరీలో కూడా దాచుకుంటాయి. వాటికి బ్యాటరీ తీసినంత మాత్రాన సరిపోదు, పిన్నులే దారి. బ్యాటరీ పేరు సీఆర్2032. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. చెరిపినప్పుడు వేగం అంకెలతో పాటు మిగతా అమరికలన్నీ మొదటికి వస్తాయి. హార్డు డిస్కు పనిచేసే పద్ధతి ముందు ఒకటిగా ఉండి ఇప్పుడు మరొకటిగా మారితే, తెర వెలిగినా విండోస్ నీలి తెర చూపి ఆగిపోవచ్చు. "చూశారా, అప్పుడే చెప్పాను కదా" అనేవారు సరిగ్గా ఈ ఘడియ కోసమే కాచుకుని ఉంటారు. అది బోర్డు లోపం కాదు, డిస్కు అమరికను తిరిగి పాతదానికి మార్చడమే మందు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ సంఖ్యను ముందే సిద్ధం చేసుకోవాలి.

మూడవది, బరువు తగ్గించడం. ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క మెమరీ పలక, తెర. ఇవి మాత్రమే ఉంచి మిగతావన్నీ పీకేయాలి. మూల లయను పెంచిన పాత యంత్రాల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ లయ మీద ఆధారపడినది ప్రాసెసరు ఒక్కటే కాదు. మెమరీ, 33 మెగాహెర్ట్జులకు తయారైన పీసీఐ కార్డులు, డిస్కుకు పోయే దారి అన్నీ దానితో పాటే పరుగెత్తేవి. ప్రాసెసరు తట్టుకున్నా మెమరీ పలక తట్టుకోక యంత్రం ఆగిపోయిన సందర్భాలు ఎన్నో. నింద మాత్రం ప్రాసెసరు మీద పడేది.

నాలుగవది, యంత్రం చెప్పేది వినడం. పాత బోర్డులు కూతలతో చెప్పేవి. అవార్డు బయాసులో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వస్తే తెరకు సంబంధించిన లోపమని అర్థం. ఇప్పటి బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏ దీపం దగ్గర ఆగిపోయిందో అక్కడ వెదకాలి. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి బాగానే ఉందనడం ఎంత తప్పో, ఫ్యాను తిరుగుతున్నా తెర రాలేదు కాబట్టి బోర్డు పోయిందనడం అంతే తప్పు. ఫ్యాను తిరగడానికి 12 వోల్టులు అందితే చాలు. అంతకుమించి అది ఏ సాక్ష్యమూ చెప్పదు.

ఐదవది, పవరు సప్లయి. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 వరకు ఉండవచ్చని ఏటీఎక్స్ ప్రమాణం చెబుతోంది. భారం పడినప్పుడు అంతకన్నా కిందికి జారే చౌకరకం సప్లయి, మామూలు వేగంలో నెట్టుకొచ్చి, వేగం పెరగగానే చేతులెత్తేస్తుంది. బాగుందని తెలిసిన మరొక సప్లయితో మార్చి చూడటం అరగంట పని.

ఇన్నీ అయిన తరువాతనే ప్రాసెసరును మరో బోర్డు మీద, మరో ప్రాసెసరును ఈ బోర్డు మీద పెట్టి చూడాలి. రెండు వైపులా చూసినప్పుడే తీర్పు చెప్పే అధికారం వస్తుంది. ఈ వరుసలో మొదటి నాలుగు మెట్లకు పైసా ఖర్చు లేదు. ఆ నాలుగు మెట్లూ ఎక్కకుండా నేరుగా చివరి మెట్టు మీద నిలబడి మాట్లాడటాన్నే నేను అన్యాయం అంటున్నాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే సలహా అది.

ఇక రెండవ మాట, వేగం పెంచడమే అపరాధమన్నది. "ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకోక ఎందుకొచ్చిన ఆశ?" అని పెద్దలు అంటారు. చదువుకున్నవారూ అంటారు. ఈ నీతిబోధను కాస్త చరిత్రతో కొలిచి చూద్దాం.

1984లో ఐబీఎం తన పీసీ ఏటీని 6 మెగాహెర్ట్జుల వేగంతో అమ్మింది. అందులో 12 మెగాహెర్ట్జుల స్ఫటికం ఉండేది. కొందరు వాడుకరులు దాన్ని తీసి 16 మెగాహెర్ట్జుల స్ఫటికం పెట్టుకుని 8 మెగాహెర్ట్జుల వేగం సాధించారు. యంత్రం చక్కగా పనిచేసింది. అప్పుడు ఐబీఎం ఏం చేసిందంటే, వేగం మించితే లేవకుండా నిరాకరించే ఏర్పాటును తరువాతి యంత్రాల రామ్‌లో కాదు, చెరపడానికి వీల్లేని రోమ్‌లోనే పెట్టింది. వేగం పెంచినందుకు మొదలవని కంప్యూటరు అనే కథకు ఆద్యులలో ఒకరు ఆ తయారీదారే. అక్కడ కాలిపోయినది ఏమీ లేదు. లేవవద్దని ఆజ్ఞ ఉంది, అంతే.

1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. మూల లయ 66, గుణకం 4.5. మూల లయను 100కు మారిస్తే అది 450 మెగాహెర్ట్జులకు చేరేది. చాలా ప్రాసెసర్లు ఆ వేగాన్ని తేలిగ్గా అందుకున్నాయి. అదే నెలలో వచ్చిన 450 మెగాహెర్ట్జుల పెంటియం 2 ధర దానికి నాలుగు రెట్ల పైమాట. మధ్యతరగతి కుర్రవాళ్లు ప్రపంచమంతటా ఆ సెలెరానును ఎందుకు వెదుక్కున్నారో ఈ లెక్కే చెబుతుంది. దాన్ని అత్యాశ అనేవారు, ఒకే రకం సిలికానుకు రెండు ధరలు పెట్టడాన్ని ఏమంటారో కూడా చెప్పాలి.

గుణకానికి తాళాలు వేసింది కూడా ఆ దశాబ్దంలోనే. అందులో ఒక న్యాయమైన కారణం ఉందని ఒప్పుకుంటాను. తక్కువ వేగపు ప్రాసెసర్ల మీది అంకెలు చెరిపి, ఎక్కువ వేగం ముద్ర వేసి అమ్మే మోసగాళ్లు అప్పట్లో ఉండేవారు. కానీ తాళం మోసగాళ్ల కోసమే అయితే, తరువాత తాళంచెవిని అమ్మకానికి పెట్టడం ఎందుకు? 2010లో ఇంటెల్ ఒక పెంటియం ప్రాసెసరులో అప్పటికే ఉన్న శక్తిని మేల్కొలపడానికి 50 డాలర్ల కార్డు అమ్మి చూసింది. 2011లో గుణకం తెరిచిన కే రకం ప్రాసెసర్లకు ఎక్కువ ధర పెట్టింది. 2012లో వేగం పెంచి పాడుచేసుకున్నవారికి ఒకసారి మార్చి ఇస్తామని విడిగా బీమా లాంటి పథకం కూడా అమ్మింది. దాన్ని 2021లో ఆపేసింది. డబ్బు కడితే విద్య, కట్టకపోతే అపరాధం అన్న ఈ నీతి నాకు మింగుడుపడదు.

అసలు వేగం పెంచుతున్నది ఎవరు? 2008 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో టర్బో బూస్ట్ ఉంది. వేడి, విద్యుత్తు అనుమతించినంత మేరకు ప్రాసెసరు తన వేగాన్ని తానే పెంచుకుంటుంది. బోర్డుల తయారీదారులు పోటీలో పైచేయి కోసం హద్దులు సడలించి అమ్ముతారు. 2024లో ఇంటెల్ 13, 14వ తరాల డెస్కుటాప్ ప్రాసెసర్లు తడబడి కూలిపోతున్నాయని లోకమంతా గగ్గోలు పుట్టింది. మితిమీరిన వోల్టేజీ అడిగే లోపం తమ మైక్రోకోడ్‌లోనే ఉందని ఆ సంస్థ ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ యంత్రాల యజమానులలో బయాసు ముఖం చూడనివారే ఎక్కువమంది ఉంటారు. అక్కడ అత్యాశ ఎవరిది? కుర్రవాడు పెంచితే తప్పు, కర్మాగారం పెంచితే సదుపాయం అనడం ధర్మమేనా?

ఇంతమాత్రం చేత వేగం పెంచడంలో ప్రమాదమే లేదని నేను అనడం లేదు. ఉంది. ప్రాసెసరు వాడే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే విద్యుత్తు వాడకం, దానితో పాటు వేడి, 33 శాతం పెరుగుతాయి. ఆ వేడి ఎక్కడికి పోవాలి? గది గాలిలోకే. మా గూడూరులో డిసెంబరులో గది 25 డిగ్రీలుంటే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 40 దాటుతుంది. చలికాలంలో నిలబడిన అంకె ఎండాకాలంలో నిలబడకపోవడంలో వింత లేదు. అధిక వోల్టేజీలో ఏళ్ల తరబడి నడిచిన ప్రాసెసరు క్రమంగా నీరసించి, మొదట అందుకున్న వేగాన్ని తరువాత అందుకోలేకపోవడమూ నిజమే. 2000 తరువాతి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, ఎన్నో బోర్డులను నిజంగానే చంపాయి. ఏఎండీ పాత అథ్లాన్ ప్రాసెసరు మీది హీట్‌సింకు తీసేస్తే క్షణాల్లో మాడిపోతుందని 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వారు వీడియో తీసి చూపించారు.

బోర్డులు పోతాయి. ప్రాసెసర్లూ పోతాయి. కానీ పోయినదానికి ఆనవాళ్లుంటాయి. ఉబ్బిన కెపాసిటరు కంటికి కనిపిస్తుంది. కమిలిన చోటు రంగు మారుతుంది, వాసన వస్తుంది. సాకెట్టులో వంగిన పిన్ను టార్చి వేస్తే కనబడుతుంది. పై వరుస అంతా చేసినా ఉలకదు. అప్పుడు పోయిందని చెప్పండి, తలవంచి ఒప్పుకుంటాను. శవపరీక్ష చేయకుండా మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వవద్దన్నదే నా మనవి.

మూడవ మాట, ఇది మనవల్ల అయ్యే పని కాదన్నది. గూడూరులో పుట్టి పెరిగినవాడిగా ఈ మాటే నాకు అన్నిటికన్నా వింతగా తోస్తుంది.

మా ప్రాంతం నిమ్మతోటలకు పేరుపడింది. తోటకు నీరు బోరు మోటారు ఇస్తుంది. మోటారు తిరగకపోతే రైతు ఏం చేస్తాడు? మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాడు. ఫ్యూజులు చూస్తాడు. స్టార్టరు డబ్బా తెరిచి చూస్తాడు. అప్పటికీ తిరగకపోతేనే మెకానిక్కును పిలుస్తాడు. ఆ మెకానిక్కు కూడా వైండింగు వాసన చూడందే, మీటరు పెట్టందే మోటారు కాలిందని అనడు. కాలినా, కొత్తది కొనమనడు, తీగ చుట్టిస్తాడు. ఖర్చు లేనివి ముందు, ఉన్నవి చివర అన్న సూత్రం ఈ నేలకు కొత్త కాదు. అక్షరం రానివారు కూడా మోటారు దగ్గర పాటించే తర్కాన్ని, పట్టాలు పుచ్చుకున్నవాళ్లం కంప్యూటరు పెట్టె దగ్గర ఎందుకు వదిలేస్తున్నాం?

ఎలక్ట్రానిక్సుతో ఈ ఊరికి ఉన్న బంధం కంప్యూటరు కన్నా పాతది. గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల నుంచి తీసిన అభ్రకం, మా పల్లెల్లో కాకిబంగారం అనేది, ఆకుపచ్చ ఛాయతో నెల్లూరు మైకాగా ప్రసిద్ధి. వేడిని తట్టుకుంటుంది, విద్యుత్తును ఆపుతుంది. అందుకే రేడియో వాల్వులలో, కెపాసిటర్లలో, ఇస్త్రీపెట్టెల్లో దాన్ని వాడారు. యాంప్లిఫయర్లలో పవర్ ట్రాన్సిస్టరుకూ అల్యూమినియం హీట్‌సింకుకూ మధ్య పలుచటి అభ్రకపు రేకు ఒకటి, దానికి అటూ ఇటూ తెల్లటి గ్రీజు ఉండేవి. వేడి దాటాలి, విద్యుత్తు దాటకూడదు. ప్రాసెసరు మీద ఇవాళ మనం పూసే పేస్టు ఆ గ్రీజుకు వారసురాలే. ప్రపంచపు రేడియోలకు వేడి తట్టుకునే రేకు పంపిన ప్రాంతంలో, హీట్‌సింకు విప్పి పేస్టు మార్చడం మానవాతీత విద్య ఎలా అయింది? 2022లో గూడూరును నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో చేర్చారు. జిల్లా మారినంత తేలిగ్గా ఈ అపనమ్మకం మారలేదు.

ఇక దుకాణాల వారి పక్షం కూడా వినాలి. వారందరూ మోసగాళ్లని నేను అనను. ఒక యంత్రం మీద రెండు గంటలు కూర్చుని, మెట్టు మెట్టుగా పరీక్షించి, చివరికి పిన్నులు కలిపి లేపారనుకోండి. ఎంత అడగాలి? రెండు వందలు అడిగితే, "రెండు పిన్నులు కలిపినందుకు రెండు వందలా?" అంటాం. అదే మనిషి కొత్త బోర్డు బిగించి వేలు అడిగితే మారుమాట లేకుండా ఇస్తాం, ఎందుకంటే చేతిలో వస్తువు కనబడుతోంది. పరీక్షకు డబ్బు ఇవ్వని సమాజంలో పరీక్షలు జరగవు. విడిభాగాల మీద లాభం తప్ప మరో బతుకుతెరువు మనం ఆ మనిషికి మిగల్చలేదు. మెకానిక్కు బోర్డు పోయిందనడంలో సగం పాపం మన బేరానిది.

కాబట్టి నా ఆక్షేపణ దుకాణం మీద ఎంత ఉందో, గిరాకీ మీద కూడా అంతే ఉంది. చూసినందుకు ఇంత అని ముందే చెప్పే దుకాణాన్ని గౌరవించండి. లోపం దొరికినా దొరకకపోయినా ఆ సొమ్ము చెల్లించండి. బదులుగా ఏయే పరీక్షలు చేశారో అడగండి. సీమాస్ చెరిపారా? ఒక్క మెమరీ పలకతో చూశారా? వేరే సప్లయి పెట్టి చూశారా? మూడు ప్రశ్నలు చాలు. సమాధానం ఉన్నవారు సంతోషంగా చెబుతారు. లేనివారు విసుక్కుంటారు. ఆ విసుగే మీకు కావలసిన సమాచారం. ఇక మార్చక తప్పదని తేలితే పాత బోర్డును అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది మీ సొమ్ము.

మన దేశంలో కూడా మరమ్మతు హక్కు గురించి మాట మొదలైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఇందుకొక సంఘాన్ని వేసింది, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టలు తెరిచింది. మంచిదే. కానీ హక్కు కాగితం మీద వచ్చినంత మాత్రాన చేతికి రాదు. విప్పడం తెలియనివారికి విప్పుకునే హక్కు ఇచ్చి ప్రయోజనం ఏమిటి? ఆ తెలివి మన భాషలో దొరకాలి.

ఇక్కడ నా మాట సాటి తెలుగు బ్లాగరులతో. మనం రాయడం మొదలుపెట్టిన రోజులు గుర్తు చేసుకోండి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉండేది, అయినా తెలుగు పుటలు తెరిస్తే గుణింతాలు విడిపోయి, ఒత్తులు చెల్లాచెదురై కనబడేవి. అంతకన్నా పాత యంత్రాల్లో వరుసగా డబ్బాలే. "ఈ సిస్టంలో తెలుగు రాదు" అని ఇంటర్నెట్టు కేంద్రాల వారు తేల్చేసేవారు. అది కూడా ఇలాంటి తీర్పే. నిజానికి ప్రాంతీయ అమరికలలో సంక్లిష్ట లిపుల గడిలో ఒక టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తే చాలు, అక్షరాలు కుదురుకునేవి. ఆ సంగతి మనకు ఏ దుకాణమూ చెప్పలేదు. మనమే కనుక్కున్నాం, మనమే మెట్టు మెట్టుగా తెలుగులో రాసుకున్నాం, ఒకరికొకరం చెప్పుకున్నాం. తెలుగు రాని యంత్రానికి తెలుగు నేర్పినవాళ్లం మనం. లేవని యంత్రాన్ని లేపడం అంతకన్నా కష్టమైన పనా?

కథలు, పద్యాలు, సినిమా సమీక్షలు రాసుకున్నాం. రాయాలి కూడా. వాటి పక్కనే ఇవీ రాయాలి. కూతలకు అర్థం ఏమిటో, దీపాలు ఏం చెబుతాయో, బ్యాటరీ ఎక్కడ ఉంటుందో, పవరు తీగ పీకకుండా లోపల చెయ్యి ఎందుకు పెట్టకూడదో తెలుగులో రాయాలి. పారిభాషిక పదాలు కుదరలేదని ఆగిపోవద్దు. మదర్‌బోర్డును తల్లిపలక అంటారో, బోర్డు అనే అంటారో మీ ఇష్టం. చదివినవారు దాన్ని ధైర్యంగా విప్పగలగాలి, అంతే కావలసింది. ఇంగ్లీషు పుస్తకం చూసి బెదిరిపోయే విద్యార్థికి, ఆ విద్యార్థి చదువు కోసం అప్పు చేసి యంత్రం కొన్న తండ్రికి, మన టపా ఒకటి వేలు మిగల్చగలిగితే అది ఏ పద్యానికీ తీసిపోదు.

కుర్రవాళ్లకు ఒక మాట. వేగం పెంచాలనుకుంటే పెంచండి. ముందు ఉన్న అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి. ఒకసారి ఒక్క అంకెనే, కొద్దికొద్దిగా మార్చండి. వోల్టేజీ జోలికి తెలియకుండా పోవద్దు. ప్రతి మెట్టులో వేడి ఎంతో చూసుకోండి, గంటసేపు భారం పెట్టి పరీక్షించండి. ముఖ్యమైన దస్త్రాలకు నకలు తీసి పెట్టుకోండి. తెర నల్లబడితే భయపడవద్దు. యంత్రం అక్కడ హద్దు చెప్పింది, అంతే. హద్దు తెలుసుకోవడం కూడా విద్యలో భాగమే.

పెద్దలకు ఒక మాట. తెర నల్లబడిన రోజున పిల్లవాడిని తిట్టే ముందు, దుకాణానికి డబ్బు లెక్కపెట్టే ముందు, వైరు పీకి పది నిమిషాలు ఆ బ్యాటరీ తీసి చూడండి. ఆ తరువాత కూడా లేవకపోతే తిట్టడానికి సమయం ఎలాగూ ఉంటుంది.